మిషనక్క విడిపించిన బ్రేకు

ఏ ఇనుప వస్తువైనా బిగుసుకుపోయిందని తెలిస్తే చాలు, మిషనక్కకు ఆకలి చచ్చిపోతుంది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళాయన అదేదో జబ్బనుకుని కంగారుపడ్డాడు. నిజానికి ఆయనకు ముందే తెలిసి ఉండాల్సింది. ఆయన దర్జీ. ఒకసారి ఆయన కుట్టుమిషను చక్రం తిరగడం మానేస్తే, బజారు చివర గదిలో మిషన్లు బాగుచేసే పెద్దాయన తన కూతుర్ని పంపాడు. పొద్దున సంచీ భుజాన వేసుకుని వచ్చిన ఆ పిల్ల సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. చక్రం తిరిగిన మరుక్షణం మాత్రం దర్జీగారి భోజనం క్యారియరు తెరిచి, అడగనైనా అడగకుండా అడుగుదాకా ఊడ్చేసింది. "అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల రోజూ నా ఇంట్లోనే తింటే పోలా అని" అంటూ ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంటాడు.

ఇప్పుడామెకు నలభై తొమ్మిదేళ్ళు. తండ్రి తర్వాత ఆ గదిని తనే నడిపింది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ మిషనక్కే. మిషన్లు బాగుచేయించుకునేవాళ్ళు తగ్గిపోతున్న రోజుల్లో ఆమె మేనమామకు చూపు మందగించింది. ఆయనకొక పాత డీజిల్ పికప్ బండి ఉండేది. కొండమీది ఆ పట్టణం నుంచి కింది మైదానానికి ఇరవై రెండేళ్ళు దాని మీదే సరుకు తోలాడు. ఒకరోజు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, తాళాలు మేనకోడలి చేతిలో పెట్టాడు.

"అమ్ముదామంటే చేతులు రావడం లేదమ్మాయ్. ఇనుము నీ మాట వింటుంది. నువ్వే తోలుకో."

"నాకు డ్రైవింగు రాదు కదా మామయ్యా."

"నాకూ రాలేదు, నేర్చుకునేదాకా."

రెండు నెలల్లో ఆమె లైసెన్సు తెచ్చుకుంది. అప్పటినుంచి మూడేళ్ళుగా కూరగాయల బుట్టలు, ఇంటి సామాను, బడి బెంచీలు, ఒకసారి ఏకంగా ఒక గుర్రపు పిల్ల, ఎవరు దేనికి పిలిస్తే అది ఎక్కించుకుని కొండ దిగుతోంది. దారి పదకొండు కిలోమీటర్లు, పధ్నాలుగు మలుపులు. ఒకపక్క కొండ, ఇంకోపక్క చూడకపోవడమే మంచిది.

స్టీరింగు కింద నల్లటేపు చుట్టిన ఒక మీట ఉండేది. అదేమిటని మొదట్లోనే అడిగింది. "ఎగ్జాస్ట్ బ్రేకు. అది చచ్చి తొమ్మిదేళ్ళయింది. నువ్వు రెండో గేర్లో దిగు, కాలి బ్రేకు పొదుపుగా వాడు" అన్నాడు మామయ్య. ఆమె అలాగే చేసింది. చచ్చిందన్నాక ఇక దాని మాట ఎత్తలేదు.

ఆ ఏడు తేనె మాస్టారి పని తగిలింది. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. కొండమీద నలభై పెట్టెల్లో తేనెటీగలు పెంచుతున్నాడు. కింద పొద్దుతిరుగుడు తోటలు పూతకు రాగానే పెట్టెలన్నీ అక్కడికి దించాలి. పూత పదిహేను రోజులకు మించి నిలవదు. సగం పెట్టెలు ఒక దఫా, మిగతా సగం ఇంకో దఫా అని మాట్లాడుకున్నారు. ముందురోజు పొద్దువాలాక ఈగలన్నీ గూటికి చేరగానే పెట్టెల వాకిళ్ళకు జాలీలు బిగించి, తెల్లవారుతూనే ఇరవై పెట్టెలు ఎక్కించి బయల్దేరారు. మాస్టారు ముందు సీట్లో, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎనిమిది మలుపులు బాగానే గడిచాయి. తొమ్మిదో మలుపు ముందు ఆమె ముక్కుకు కాలిన వాసన తగిలింది. బ్రేకు తొక్కితే కాలు మెత్తటి దిండులో దిగినట్టు దిగిపోయింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ దిగిపోయింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. క్లచ్చి నొక్కి గేరు ఒకటిలోకి పడేసింది. ఇంజను గావుకేక పెట్టింది. హ్యాండుబ్రేకు పళ్ళు కరకరమనేలా లాగుతూ, బండిని కొండవైపు మట్టికట్టకు ఆనించి ఒరుసుకునేలా పోనిచ్చింది. ఇరవై గజాలు రాచుకుంటూ పోయి, బండి ఒక పక్కకు ఒరిగి నిలబడింది. పక్క అద్దం ఎటు పోయిందో తెలియదు.

వెనక ఇరవై పెట్టెల్లోంచి ఒక్కటే రొద.

"ఆగామా అమ్మా?" అన్నాడు మాస్టారు, కళ్ళు మూసుకునే.

"ఆగాం మాస్టారూ."

"అయితే కళ్ళు తెరుస్తాను."

చక్రాలు చల్లారేదాకా గంటన్నర కూర్చుని, మిగతా ఆరు మలుపులూ ఒకటో గేర్లో పాకుతూ దిగారు. పెట్టెలు ఒక్కటీ చెదరలేదు. తోటగట్టు మీద వాటిని దించాక మాస్టారు మెల్లగా చెప్పాడు. "మిగతా ఇరవైకీ నాలుగు రోజులు ఆగగలను. ఆపైన ఇంకో బండి చూసుకోవాలి. నిన్ను తప్పుపట్టి కాదమ్మా, పూలు ఆగవు."

ఆమె తిరిగి కొండెక్కి నేరుగా బండ్లు బాగుచేసే షెడ్డుకు పోయింది. అక్కడి పెద్దమేస్త్రీ బండి కింద దూరి, చాలాసేపు టార్చిలైటు వేసి చూసి బయటికొచ్చాడు.

"బ్రేకుల్లో పెద్ద లోపం లేదక్కా. వేడికి లైనింగులు కాలాయి, ఆయిలు మరిగింది. రెండూ సాయంత్రానికి మార్చేస్తా. కానీ ఈ కొండకి, ఈ బరువుకి కాలి బ్రేకు ఒక్కటే ఎన్నాళ్ళని ఆపుతుంది? ఎగ్జాస్ట్ బ్రేకు ఉండాల్సింది."

"అది చచ్చింది కదా."

"చచ్చింది. పొగగొట్టంలో పళ్ళెంలాంటి మూత ఉంటుంది చూడు, దాని ఇరుసు తుప్పూ మసీ పట్టి గూట్లో బిగుసుకుపోయింది. ఈ మోడలుకి కొత్తది దొరకదు. అది కోసి అవతల పారేసి, వట్టి గొట్టం అతికించేస్తా."

మిషనక్క ఒక్కసారిగా తలెత్తింది. "ఉండు. బిగుసుకుపోయిందన్నావా?"

"అంటే మామూలుగా బిగుసుకోవడం కాదక్కా. రాయైపోయింది."

"విరగలేదు కదా?"

"విరగలేదులే."

"అయితే కొయ్యకు" అంది. మూడేళ్ళుగా తన బండిలోనే, తన కాళ్ళ కిందే ఒక బిగుసుకుపోయిన ఇరుసు ఉందనీ, దాన్ని చచ్చిందని నమ్మి ఊరుకున్నాననీ తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. మేస్త్రీ టీ చెప్పిస్తానంటే వద్దంది. అప్పటికే ఆకలి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఇంటి వెనక దొడ్లో బండి నిలిపి, నాలుగు చక్రాలకూ రాళ్ళు అడ్డం పెట్టింది. మామయ్యను తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. దర్జీ మెడలో టేపు మెడలోనే ఉండగా డ్రైవరు సీట్లోకెక్కాడు. ఈ బ్రేకు ఎలా పనిచేస్తుందో మామయ్య ఆయనకు విడమరిచి చెప్పాడు. మీట లాగి, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే పొగగొట్టంలో మూత అడ్డం తిరుగుతుంది. పొగ బయటికి పోలేక ఇంజనుకే ఎదురుతంతుంది. ఇంజను బిగదీసుకుని చక్రాలను పట్టి ఆపుతుంది. కాలి బ్రేకుకు వేడెక్కే అవసరమే రాదు.

"అంటే బండి ముక్కు మూసి పట్టుకున్నట్టు" అన్నాడు దర్జీ.

"ముక్కు కాదులే అల్లుడూ, ఇంకోవైపు."

మిషనక్క నవ్వుతూనే బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకుంది. మూతను తిప్పే కడ్డీ ఒక డబ్బాకు తగిలించి ఉంది. మీట లాగగానే ఇంజను దగ్గరి చిన్న పంపు ఆ డబ్బాలోంచి గాలి పీల్చాలి, డబ్బా లోపలి రబ్బరు పొర కడ్డీని లాక్కోవాలి. ముందు అది పనిచేస్తోందో లేదో తేలాలి. గాలి గొట్టం ఊడదీసి, మొనకు బొటనవేలు ఆనించింది.

"స్టార్టు చెయ్యండి. మీట మాత్రం లాగకండి."

ఇంజను దడదడలాడింది. వేలికి ఏమీ తగల్లేదు.

"ఇప్పుడు లాగండి."

టక్‌మని చప్పుడయింది. చప్పున వేలిని గొట్టం పట్టుకుంది, చంటిపిల్ల నోరు పట్టినట్టు. తొమ్మిదేళ్ళుగా టేపు చుట్టుకుని పడి ఉన్న మీట, దాని తీగలు, పంపు, అన్నీ బతికే ఉన్నాయి. "పీలుస్తోంది మామయ్యా" అని కింద నుంచి అరిచింది. గొట్టం తిరిగి డబ్బాకు తొడిగితే కడ్డీ కూడా బిగువు పట్టి వణికింది. లాగాలని చూస్తోంది, ఇరుసే రానివ్వడం లేదు.

"అన్నీ రెడీగా ఉండి, పెళ్ళికొడుకొక్కడే మంచం దిగనన్నాడన్నమాట" అన్నాడు మామయ్య.

ఇంజను పూర్తిగా చల్లారాక ఆ పోత ఇనుము గూడును ఊడదీసేసరికి మధ్యాహ్నం దాటింది. నాలుగు నట్లలో మూడు కిరోసిన్ తాగి, మూలిగి వచ్చాయి. నాలుగోదాని బోల్టు పుటుక్కున విరిగింది. విరిగిన ముక్కను డ్రిల్లుతో తొలిచి తీసింది. గూడు తీసి బల్ల మీద పెడితే అరచెయ్యంత వెడల్పు, లోపలంతా కాటుక పిడచ. మూత పొగ దారికి అడ్డంరాకుండా నిలువుగా తిరిగి, అలాగే అతుక్కుపోయి ఉంది. ఇరుసు చివర స్పానరు వేసి ఒత్తి చూసింది. గోడను తోసినట్టే ఉంది.

ఇక్కడే చాలామంది తప్పుచేస్తారు. పొడుగాటి గొట్టం తగిలించి బలమంతా పెట్టి తిప్పుతారు, ఇరుసు మెడ విరుగుతుంది, అంతటితో కథ ముగుస్తుంది. కింది మైదానంలో వరదకు మునిగిన కుట్టుమిషన్లు పదుల్లెక్కన వచ్చిన ఏడు తండ్రి ఆమెకు ఇంకో పద్ధతి నేర్పాడు. నూనె పట్టించు, ఆగు, వేడి చెయ్యి, ఆగు, ఆవగింజంత అటు, ఆవగింజంత ఇటు. పెళ్ళీడు పిల్లకు అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందని ఊరంతా ముక్కున వేలేసుకున్న ఓపిక అది.

ఆమె ముందుగా సుద్దముక్క సన్నగా చెక్కి, ఇరుసు మీంచి గూడు మీదికి ఒకే తెల్లగీత గీసింది. ఇరుసు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. కదిలిందో లేదో చేతికి తెలియకపోయినా కంటికి తెలుస్తుంది. తర్వాత కీళ్ళలో నూనె చుక్కలు వేసి, గుడ్డ కప్పి వదిలేసింది.

రెండోరోజంతా గ్యాసుమంటతో గూడును వేడి చేయడం, చిన్న సుత్తితో చుట్టూ తట్టడం, స్పానరు వేసి అటూ ఇటూ ఒత్తడం. గీత విరగలేదు. మధ్యాహ్నం దర్జీ కంచం తెచ్చి బల్ల చివర పెట్టాడు, సాయంత్రం ఆ కంచమే తిరిగి తీసుకుపోయాడు. "రేపటికి రాకపోతే?" అని మాత్రం అడిగాడు.

"ఎల్లుండి ఒక పూట ఉంటుంది" అందామె.

మూడోరోజు పొద్దున ఆమె దుకాణంలోంచి కొవ్వొత్తులు తెప్పించింది. మంట పెట్టి గూడును బాగా కాల్చింది, ఈసారి ఇరుసుకు మంట తగలకుండా చుట్టూ మాత్రమే. గూడు వేడికి ఉబ్బుతుంది, ఇరుసు అంత ఉబ్బదు, మధ్యలో సందు పుడుతుంది. మంట తీసి ఆ కీలుకు కొవ్వొత్తి ఆనించింది. మైనం కరిగి, అందరూ చూస్తుండగా సందులోకి చరచరా ఇంకిపోయింది. ఇంకో కొవ్వొత్తి పెట్టింది. అదీ ఇంకింది.

"తాగుతోంది" అంది.

"అయితే లోపల దారి పడింది. వేడి మీదుండగానే చూడు" అన్నాడు మామయ్య, కుర్చీ ముందంచుకు జరిగి.

స్పానరు వేసింది. అటు. ఇటు. అటు. ఇటు. చెమట కనుబొమ్మల మీంచి జారి బల్ల మీద పడుతోంది. దర్జీ కళ్ళజోడు సర్దుకుని సుద్దగీత మీదికి వంగాడు. రోజంతా సూది కంట్లో దారం ఎక్కించే కళ్ళు అవి.

"ఆగు" అన్నాడు. "ఇందాక ఇది ఒకటే గీత కదా?"

"ఒకటే."

"ఇప్పుడు రెండు."

ఆమె వంగి చూసింది. గీత విరిగింది. వెంట్రుకంత తేడా, కానీ విరిగింది. స్పానరు వదల్లేదు. ఇటు ఒత్తింది, గీత కలిసింది. అటు ఒత్తింది, ఈసారి ఇంకాస్త విరిగింది. మళ్ళీ వేడి, మళ్ళీ మైనం, మళ్ళీ అటూ ఇటూ. గోరంత అయింది, వేలంత అయింది. పదకొండు గంటలకల్లా లోపలి మూత కిర్రుమంటూ మసి పెచ్చులు రాల్చుకుని నిలువు నుంచి అడ్డానికి తిరిగింది. మిషనక్క స్పానరు బల్ల మీద పడేసి, మొగుడి భుజం పట్టుకుని చిన్నపిల్లలా రెండు గెంతులు గెంతింది. చొక్కా మీద పడిన నల్లటి చేతిముద్ర ఆ దర్జీ ఏ సబ్బుతోనూ ఉతకనివ్వలేదు.

"కంచం తేనా?" అన్నాడాయన.

"రెండు తెండి."

తిన్నాక వైరుబ్రష్షుతో మసంతా గీకుతుంటే మూత మధ్యలో చిటికెనవేలు దూరేంత చిల్లు బయటపడింది. తుప్పు తినేసిందనుకుందామె. "షెడ్డుకు తీసుకెళ్ళి వెల్డింగు చేయిస్తాను, చిల్లు పడింది" అంది.

మామయ్య చెయ్యి చాపి మూతను తడిమాడు. చిల్లు అంచు చుట్టూ వేలు తిప్పాడు. "నున్నగా ఉంది చూడు. తుప్పు తింటే అంచు గరుకుగా ఉంటుంది. ఇది బండి తయారుచేసినవాళ్ళు పెట్టిన చిల్లే. దీన్ని మూసేశావంటే ఇంజనుకు ఊపిరాడక ఆగిపోతుంది. జోలికిపోకు."

కళ్ళుండి తను చూడలేనిది ఆయన వేళ్ళు చూశాయి. ఆమె ఆ చిల్లును గుడ్డతో శుభ్రంగా తుడిచింది. ఇరుసుకు వేడికి కారిపోని రాగి గ్రీజు రాసి, మూత తేలిగ్గా పడి తేలిగ్గా లేస్తోందని ఇరవైసార్లు చూసుకుని, కొత్త బోల్టులతో గూడును బిగించింది. కడ్డీ తగిలించింది. టేపు ఒలిచేసి, సీటెక్కి ఇంజను స్టార్టు చేసి, మీట లాగింది.

ఏమీ జరగలేదు. టక్‌మనే చప్పుడు కూడా లేదు.

దర్జీ మొహం వాడిపోయింది. మిషనక్క మాత్రం కరెంటు వస్తోందో లేదో చూసే బల్బు, రెండు తీగలు చేత పట్టుకుని, మొన్నటినుంచి జరిగినవన్నీ వరసగా గుర్తుచేసుకుంది. మొన్న పనిచేసింది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? మొన్న తను కింద ఉంది, సీట్లో ఆయనున్నాడు. ఇవాళ తను సీటెక్కే ముందు కాలిపట్టా దులిపి వేసింది. వంగి పట్టా ఎత్తి చూసింది. యాక్సిలరేటరు పెడలు వెనక చిన్న బొత్తాంలాంటి స్విచ్చి ఉంది. కాలు తీశారని బండికి చెప్పేది అదే. పట్టా అంచు పెడలు మీదికెక్కి, దాన్ని పూర్తిగా పైకి లేవనివ్వడం లేదు. కత్తెర ఎక్కడని దర్జీని అడిగింది. గుడ్డలు కత్తిరించే తన మంచి కత్తెరే ఇచ్చాడు. పట్టా అంచు కత్తిరించేసింది. మీట లాగింది.

టక్. కింద కడ్డీ చప్పున వెనక్కి జరిగింది. ఇంజను స్వరం మారి, గొంతు సవరించుకున్నట్టు బొంగురుగా మూలిగింది. మామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు చాపాడు. ఆమె ఆయన్ని నడిపించుకొచ్చి బానెట్టు మీద చేతులు ఆనించింది.

సాయంత్రం ఖాళీ బండిని మూడు మలుపుల దాకా దించి, ఎక్కించి చూసింది. నాలుగోరోజు తెల్లవారుతుండగా మిగిలిన ఇరవై పెట్టెలూ ఎక్కించారు. ముందు సీట్లో మధ్యలో మామయ్య, తలుపు పక్కన మాస్టారు.

"ఈసారి కళ్ళు తెరిచే ఉంచుతాను" అన్నాడు మాస్టారు. చేతులు మాత్రం పైనున్న పిడిని వదల్లేదు.

మొదటి మలుపు. ఆమె మీట లాగి, కాలు తీసింది. బండి వెనక నుంచి ఎవరో నడుం పట్టి ఆపినట్టు నెమ్మదించింది. కింద నుంచి లోతుగా, ఘుర్రుమని ఒక చప్పుడు కొండకు తగిలి తిరిగొచ్చింది. రెండో మలుపు, మూడో మలుపు. కాలి బ్రేకు మీద కాలు పెట్టాల్సిన పనే పడలేదు. ఆమెకు నవ్వాగలేదు. ఇదే దారిని మూడేళ్ళు పళ్ళు బిగపట్టి దిగింది. ఇప్పుడు మలుపు వస్తుందంటే ఉత్సాహం, అయిపోతే అయ్యో అనిపిస్తోంది. తొమ్మిదో మలుపు దగ్గర మట్టికట్ట మీద తను గీసిన పొడుగాటి గాడి కనిపించింది. ఆ పక్కనుంచి సైకిలు వేగంతో, గిన్నెలో నీళ్ళు తొణకనంత నిదానంగా దిగింది.

"రెండో గేర్లో ఉన్నావా?" అన్నాడు మామయ్య.

"మూడు."

"మూడా? నేను మూడులో ఎప్పుడూ దిగలేదు" అన్నాడాయన. ఆ గొంతులో కాస్త అసూయ కూడా ఉంది.

కింద తోటగట్టు మీద పెట్టెలు దించారు. మాస్టారు జాలీలు ఒక్కొక్కటే తీస్తుంటే ఈగలు ముందు రెండు, తర్వాత పది, ఆ తర్వాత పొగలా లేచి పసుప్పచ్చటి పూల మీదికి పోయాయి. మిషనక్క మాత్రం బండి కిందే ఉంది. కొత్త బోల్టుల్లో ఒకటి వేడికి కొంచెం వదులైంది. దాన్ని బిగించి బయటికొచ్చేసరికి మాస్టారు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"వచ్చే నెల పెట్టెలు తిరిగి పైకి చేర్చాలి. ఇంకో బండి చూడనులే" అన్నాడు.

ఆ సంగతి పెద్దమేస్త్రీ చెవిన పడింది. నమ్మలేక వచ్చి, బండి కింద దూరి, కడ్డీ కదలడం కళ్ళారా చూసిపోయాడు. వారం తిరక్కుండా ఒక పాత లారీ డ్రైవరును బజారు చివరి గదికి పంపాడు. ఆ తర్వాత ఇంకొకర్ని. ఏడాదిలో ఆమె పదకొండు బ్రేకులు విడిపించింది. రెండు మాత్రం రాలేదు. ఒకదాని ఇరుసు అప్పటికే ఎవరో బలం పెట్టి చీల్చేశారు, రెండోది తన చేతిలోనే విరిగింది. ఆ రెండో సంగతి దాచదు, వచ్చిన ప్రతి డ్రైవరుకూ ముందే చెబుతుంది. ఇప్పుడు ఆ గదిలో ఒక బల్ల మీద కుట్టుమిషన్లు, ఇంకో బల్ల మీద మసిబారిన ఇనుప గూళ్ళు. నిన్న ఒక బస్సుది వచ్చింది, అన్నిటికంటే పెద్దది. దాని మీద ఆమె సుద్దగీత గీసి, కిటికీ వెలుతురు పడేలా తిప్పి పెట్టింది.